పెట్టుబడిదారీ విధానము – సామ్యవాదము: పాలమూరు నుండి ఒక చూపు

కళాశాలలలో వక్తృత్వ పోటీలు జరుగునపుడు రెండు మూడేండ్లకొకసారి ఈ విషయము తప్పక వచ్చుచుండును: పెట్టుబడిదారీ విధానము మేలా, సామ్యవాదము మేలా? మొదటి వక్త లేచి పోటీ వలన ప్రగతి కలుగుననియు, ప్రభుత్వము చేతబట్టిన ప్రతి పని సోమరితనమునకు నిలయమగుననియు చెప్పును. రెండవ వక్త లేచి ధనికుడు మరింత ధనికుడగుచున్నాడనియు, పేదవాడు మరింత పేదవాడగుచున్నాడనియు కంఠమెత్తి పలుకును. గంట మ్రోగును. చప్పట్లు మ్రోగును. ఇద్దరికిని బహుమతులు లభించును. ఇరువురి ప్రసంగములలోను లండను ఉండును, మాస్కో ఉండును, అమెరికా తప్పక ఉండును. కాని కొత్తకోట ఉండదు, వనపర్తి ఉండదు, దసరా వెళ్ళిన మరునాడు తాళము వేసిన ఇండ్లతో చిన్నబోవు మన పల్లెలు ఉండవు. ఈ రెండు విధానములును మన నేలపై పాదము మోపని దూరపు సిద్ధాంతములైనచో అట్లే మాటలాడుకొనవచ్చును. కాని అవి రెండును మన నేలను తొక్కినవి, దున్నినవి, కొన్నిచోట్ల పంట పండించినవి, కొన్నిచోట్ల బీడు చేసినవి. అందుచేత ఆ చర్చను ఒకసారి మన ఊరి వైపునుండి సాగించి చూడవలెనని నా కోరిక.

నిర్వచనములకు ఎక్కువ కాలము వెచ్చింపనక్కరలేదు. భూమి, యంత్రము, మూలధనము వ్యక్తుల సొత్తై, లాభము కొరకు ఉత్పత్తి జరిగి, ధరను అంగడి నిర్ణయించిన అది పెట్టుబడిదారీ విధానము. ఉత్పత్తి సాధనములు సమాజము సొత్తై, అవసరమును బట్టి ఉత్పత్తి జరిగిన అది సామ్యవాదము. 1776లో ఆడమ్ స్మిత్ వ్రాసిన గ్రంథము మొదటిదానికి, 1867లో కార్ల్ మార్క్స్ వెలువరించిన గ్రంథము రెండవదానికి మూలస్తంభములని మీరు పాఠ్యపుస్తకములలో చదివియే యున్నారు. ఐతే ఇచట మన విద్యార్థులు తరచుగా పడు ఒక పొరపాటు కలదు. ప్రభుత్వము చేతిలోనున్నదెల్ల సామ్యవాదమే యని వారు తలచుచున్నారు.

ఈ భ్రమను తొలగించుటకు మన హైదరాబాదు రాజ్యమును మించిన ఉదాహరణము దొరకదు. నిజాం ప్రభుత్వము 1930లో రైల్వేను ఆంగ్ల కంపెనీ చేతినుండి తన వశము చేసికొన్నది. 1932లో ఆ రైల్వే శాఖ క్రిందనే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభమైనది. మన నేటి ఆర్టీసీకి మూలపురుషుడు ఆ 27 బస్సుల శాఖయే. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 1945లో సింగరేణి బొగ్గు గనులలో అధిక భాగము వాటాలు రాజ్య ప్రభుత్వమునకు చేరినవి. రైలు, బస్సు, చక్కెర, బొగ్గు, ఇన్ని ప్రభుత్వపు సొత్తులైన రాజ్యమును సామ్యవాద రాజ్యమందుమా? ఆ బస్సు వెళ్ళు దారికి ఇరుప్రక్కల గ్రామములలో వెట్టిచాకిరి సాగుచుండెను. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకొని నడచు మనుష్యులుండిరి. ప్రభుత్వము యజమానియైనంత మాత్రమున ప్రజలు యజమానులు కారు. ఆ ప్రభుత్వమునకు యజమానులెవరన్నది మొదట తేలవలెను. నేడు అరబ్బు రాజ్యములలో చమురు బావులు ప్రభుత్వముల సొత్తే; అచట సామ్యవాదమున్నదని మన గల్ఫు సోదరులలో ఎవ్వరును చెప్పగా నేను వినలేదు.

ఇక భూమి సంగతి. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ సాయుధ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథములో సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి వంశమువారికి ఒకటిన్నర లక్ష ఎకరములున్నట్లు, విసునూరు దేశముఖునకు 40,000 ఎకరములున్నట్లు చెప్పిరి. ఈ దేశముఖులు పెట్టుబడిదారులు కారు. వారు పోటీ ఎరుగరు, యంత్రమెరుగరు, అంగడిని లెక్కచేయరు. శిస్తు వసూలు చేయు అధికారమును అడ్డము పెట్టుకొని భూమిని తమ పేర వ్రాయించుకొన్నవారు. అందువలన మన ప్రాంతమున పెట్టుబడిదారీ విధానము పుట్టకముందే దాని దోషములన్నియు ఉండెను, గుణములొక్కటియు లేకుండెను. ఈ మాటను మన విద్యార్థులు మరువరాదు.

1940 ప్రాంతమున, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ అను సామాన్య రైతు విసునూరు దేశముఖుతో భూమి కొరకు తలపడెను. తుపాకి పట్టలేదు. కచేరీకి వెళ్ళెను. తన కొద్దిపాటి భూమి తనదేనని న్యాయస్థానములో నిరూపించుకొనెను. తీర్పు అతనికి అనుకూలముగా వచ్చినది. పిదప దేశముఖు మనుష్యులు అతనిని పట్టపగలు నరికి చంపిరి. అతని సమాధి నేటికిని ఆ త్రోవలో కలదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగుటతో రగిలిన పోరాటమునకు ఈ బందగీ రక్తము ముందు చిలికిన విత్తనమని చరిత్రకారులు చెప్పుదురు. కమ్యూనిస్టు పార్టీ అతనిని తన వీరులలో ఒకనిగా గౌరవించినది. 'మా భూమి' నాటకములో అతని పేరు నిలిచినది. అందుకు ఆక్షేపణ లేదు. కాని ఒక్క ప్రశ్న. బందగీ దేనికొరకు ప్రాణమిచ్చెను? సమష్టి వ్యవసాయము కొరకు కాదు. తన పేర ఉండవలసిన తన చెలకకొరకు. ఒక విధముగా చూచిన, అతడు కోరినది సొంత ఆస్తి హక్కు. బలవంతునకే దక్కుచుండిన ఆ హక్కు బలహీనునకు కూడ దక్కవలెనని అతడు కోరెను, అంతియే.

ఈ విషయము పోరాట కాలమంతయు కనిపించును. 1946 నుండి 1951 వరకు సుమారు 3,000 గ్రామములలో పది లక్షల ఎకరముల భూమిని పంచితిమని ఉద్యమ నాయకులు లెక్కచెప్పిరి. నాలుగు వేలమంది ప్రాణములర్పించిరని కూడ వారే చెప్పిరి. ఆ భూమి పంచబడినది, కలుపబడలేదు. దున్నువానికి భూమి యను నినాదము ప్రతి కుటుంబమునకు తన కమతమును వాగ్దానము చేసినది. అదే దశాబ్దమునకు కొంచెము ముందు సోవియట్ దేశములో స్టాలిన్ రైతుల కమతములను బలవంతముగా సమష్టి క్షేత్రములలో కలిపించగా, 1932–33లో ఉక్రెయిన్ మొదలైన ప్రాంతములలో లక్షలాది జనము ఆకలిచే మరణించిరి. మన నల్లగొండ రైతు ఎర్రజెండా పట్టుకొన్నను, మాస్కో మార్గమును కోరలేదు. అతడు కోరినది జెండాలలో దేనికిని పూర్తిగా ఒదగదు. 1952లో మఖ్దూం మొహియుద్దీన్ హుజూర్‌నగర్ నుండి శాసనసభకు ఎన్నికైనప్పుడు, రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు వెళ్ళినప్పుడు ఓటు వేసినవారిలో మార్క్సును చదివినవారెందరు? వెట్టి పోవలెనని ఓటు వేసిరి. భూమి రావలెనని ఓటు వేసిరి.

భూమి కొంత వచ్చినది. 1949లో జాగీర్లు రద్దైనవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు దానమిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. 1973లో భూపరిమితి చట్టము చేయబడి, మాగాణియైన 10 నుండి 27 ఎకరములు, మెట్టయైన 35 నుండి 54 ఎకరములు గరిష్ఠ పరిమితిగా నిర్ణయింపబడినది. చట్టము వచ్చునన్న కబురు చట్టముకంటె ముందు వచ్చినది గనుక, పుట్టని బిడ్డల పేరను, పొరుగూరి బంధువుల పేరను, పాలేర్ల పేరను కాగితములు మారినవని పల్లెలలో పెద్దలు నేటికిని నవ్వుచు చెప్పుదురు. ఆ నవ్వులో ఎంత కడుపుమంట ఉన్నదో వినువారికి తెలియును. ఐనను ఆ చట్టముల వలన దొరల గడులు ఖాళీ అయినమాట వాస్తవము. దీనిని సామ్యవాదము సాధించిన మేలుగా లెక్కింపవలెను. లాభము కొరకు నడచు ఏ అంగడియు దేశముఖునొద్దనుండి ఒక్క ఎకరము భూమిని జీతగానికి ఇప్పించి యుండదు.

కాని పాలమూరులో మెట్ట భూమికి నీరు లేనిదే విలువ ఏమున్నది? ఇచట నా వ్యాసమునకు అసలైన విషయము మొదలగుచున్నది.

కృష్ణానది తెలంగాణములో మొట్టమొదట ప్రవేశించునది మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. ఆ నది మన గట్లనొరసి పారుచుండగా మన పొలములు ఆకాశమునకు చూచుచుండెను. జూరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన 1981లో కాని జరుగలేదు. మన కొత్తకోట చేరువనే వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి పేర పూనిన సరళాసాగరము 1959 నాటికి పూర్తియైనది. నీరు నిండగానే దానంతటదియే పొంగి వెడలు సైఫన్ పద్ధతిలో కట్టిన ఆ జలాశయమును చూచుటకు దూరప్రాంతముల నుండి ఇంజనీర్లు వచ్చెడివారు. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినది. తరువాత మరల కట్టిరి. కాని రాజుగారు పోయిన పిమ్మట కట్టను కనిపెట్టుకొని యుండవలసినది ఎవరన్న ప్రశ్న ఆనాడు ఆ నీటితోపాటు బయటపడినది. పూర్వము చెరువు కట్టను బాగుచేయువానికి దశబంధమను పేర మాన్యమిచ్చు ఆచారముండెడిది. అది పెట్టుబడిదారీ విధానమా, సామ్యవాదమా? గ్రంథములలో దానికి గడి లేదు.

నీరు లేనందున మనవారు వలసపోయిరి. "పాలమూరు లేబర్" అను మాట దేశమంతట ఆనకట్టలు కట్టువారి నోట సామాన్య నామమైనది. మన జిల్లా పేరు ఒక మనుష్య జాతి పేరైనట్లు, మట్టి మోయుటకే పుట్టినవారి పేరైనట్లు పలుకబడినది. పద్ధతి మీరెరిగినదే. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చును. పెండ్లికో, వైద్యమునకో, పాత బాకీకో డబ్బు కావలసిన కుటుంబమునకు అడ్వాన్సు ఇచ్చును. ఆ అడ్వాన్సుకు బదులుగా మొగుడు పెండ్లాము కలిసి ఎనిమిది తొమ్మిది నెలలు అతడు చెప్పిన చోట పనిచేయవలెను. ముసలివారు, బడికి పోవు పిల్లలు ఊరిలో మిగులుదురు. చంకలోని బిడ్డ కట్టమీద పెరుగును. పని ముగిసిన పిదప లెక్క చూతురు. ఆ లెక్క మేస్త్రీ పుస్తకములోనే యుండును. చదువు రాని కూలి వ్రేలిముద్ర వేయును. అడ్వాన్సు తీరలేదని తెలియును. మరల దసరా వచ్చును.

ఇప్పుడు చూడుడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నందికొండ వద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. అదే సంవత్సరము జనవరిలో ఆవడి కాంగ్రెసు మహాసభలో సామ్యవాద తరహా సమాజము మన ఆశయమని తీర్మానించిరి. అనగా సాగరము మన దేశపు సామ్యవాదమునకు తొలిచూలు బిడ్డ. ఆనకట్ట ప్రభుత్వముది, సిమెంటు ప్రభుత్వముది, ఇంజనీరు ప్రభుత్వోద్యోగి. రాతితో కట్టిన ఆ మహానిర్మాణములో రాయి మోసిన కూలి మాత్రము ఎవరివాడు? మేస్త్రీవాడు. ప్రభుత్వమునకును కూలికిని నడుమ కాంట్రాక్టరు, కాంట్రాక్టరుకును కూలికిని నడుమ మేస్త్రీ. పైన సామ్యవాదము, క్రింద వెట్టికి చెల్లెలు. 1967లో కాలువలకు నీరు వదలినప్పుడు అది నల్లగొండ, గుంటూరు మొదలైన జిల్లాల పొలములకు పారినది. మంచిదే, వారు అన్నము తిన్న మనకు ఈర్ష్య లేదు. కాని రాయి మోసిన పాలమూరు కూలి తన ఊరికి తిరిగివచ్చి మరల ఆకాశమునే చూచెను.

పెట్టుబడిదారీ దేశములలో ఇట్టివి జరుగునని, సామ్యవాద దేశములలో జరుగవని కొందరు మిత్రులు వాదింతురు. 1931–33లో సోవియట్ ప్రభుత్వము తెల్లసముద్రమును బాల్టిక్ సముద్రముతో కలుపు కాలువను ఖైదీలచే త్రవ్వించెను. అచట మేస్త్రీ లేడు, మేస్త్రీకి బదులు తుపాకి ఉండెను. ఇక రెండవ వైపు మిత్రులు స్వేచ్ఛా విపణిలో కూలి తన శ్రమను తనకు నచ్చినవానికి అమ్ముకొనునని చెప్పుదురు. ముందే అడ్వాన్సు తీసికొన్నవానికి నచ్చుట, నచ్చకపోవుట యేమి? గల్ఫునకు వెళ్ళిన మన సోదరులను అడుగుడు. కఫాలా పద్ధతిలో యజమాని పాస్‌పోర్టు ఉంచుకొన్నచో, అతని అనుమతి లేనిదే పని మారరాదు. అరబ్బు కఫీలు, పాలమూరు మేస్త్రీ ఒకరినొకరు చూడకనే ఒకే పాఠశాలలో చదివిరి. కమిటీ పెద్దలు అన్యథా భావింపరాదు: రంజాను నెలలో జకాత్ పంచు చేతితోనే మిగిలిన పదకొండు నెలలు వీసాల పేర అప్పులు వ్రాయించుకొనువారు మన సమాజములో లేరని నేను చెప్పజాలను. దానము గొప్పదే. కాని కూలివానికి రావలసినది దానము కాదు, కూలి.

చట్టములు లేవా? ఉన్నవి. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. ఐదుగురు వలస కార్మికులనైనను తీసికొనిపోవు కాంట్రాక్టరు లైసెన్సు పొందవలెననియు, స్థానభ్రంశపు భత్యముగా నెల వేతనములో సగము ఇవ్వవలెననియు, దారి ఖర్చులు భరింపవలెననియు అందు వ్రాసిరి. ఎంత చక్కని వ్రాత! ఆ భత్యమును కండ్లజూచిన పాలమూరు కూలిని నేను నేటివరకు కలిసికొనలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము ఏడాదికి నూరు దినముల పనిని ఊరిలోనే చూపుటతో మేస్త్రీతో బేరమాడుటకు కూలికి మొదటిసారి కొంత బలము వచ్చినది. ఇంటివద్ద ఏదో యొక పని యున్నవాడే "నీ రేటుకు రాను" అని అనగలడు. బేరమాడు శక్తి లేనివానికి ఏ వ్యవస్థయైనను ఒక్కటే.

ఇంతవరకు చదివినవారు నేను పెట్టుబడిదారీ విధానము పట్ల ద్వేషము కలవాడనని తలంపవచ్చును. అది సరికాదు. స్కూటరు కొరకు ఏండ్ల తరబడి వరుసలో నుండిన కాలమును, టెలిఫోను కొరకు దరఖాస్తు పెట్టి బిడ్డల పెండ్లిండ్లు చేసిన కాలమును మన తండ్రులెరుగుదురు. ఎన్ని వస్తువులు తయారుచేయవలెనో ఢిల్లీలో ఒక గుమాస్తా నిర్ణయించు పద్ధతిలో లంచము తప్ప వేరేమి పండును? 1991 జూలైలో ఆ కంచెలను కొంతవరకు కూల్చినది మన తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రభుత్వమే. ముప్పది ఏండ్లలో మన జిల్లా పిల్లలు హైదరాబాదులోని సాఫ్ట్‌వేరు కంపెనీలలో కూర్చుండగలిగిరన్న అది ఏ ప్రణాళికా సంఘపు కాగితములోను ముందుగా వ్రాయబడియుండలేదు.

ఐతే ఆ కంపెనీల వెనుకనున్న కథను కూడ చదువవలెను. హైదరాబాదు బాలానగరులో కేంద్ర ప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారమును నెలకొల్పినది. అందు 1969 నుండి 1975 వరకు పనిచేసి మెలకువలు గ్రహించిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించెను. మందుల తయారీ పద్ధతికే గాని మందుకు పేటెంటు లేదని 1970లో చేసిన పేటెంటు చట్టము చెప్పినందున, మన కంపెనీలు వేరొక మార్గమున అదే మందును చౌకగా తయారుచేయగలిగినవి. 2005లో ఆ నియమము మారినది. కనుక విద్యార్థి మిత్రులారా, ఈనాడు హైదరాబాదు మందుల రాజధాని యైనదన్న అందు ప్రభుత్వపు శిక్షణ ఉన్నది, ప్రభుత్వపు చట్టము ఉన్నది, వ్యక్తి సాహసము కూడ ఉన్నది. విత్తనము సర్కారుది, సేద్యము ప్రయివేటుది. పిల్లను పెంచిన తల్లియైన ఐ.డి.పి.ఎల్. మూలబడినది, పిల్ల లక్షాధికారి యైనది. తల్లి ఖర్చు లెక్కలో వ్రాయక పిల్ల సంపాదన మాత్రమే చూపించువారి వాదమును నేనంగీకరింపను.

నిజాం చక్కెర కర్మాగారము కథ దీనికి భిన్నము. ప్రభుత్వము చేతిలో అది నష్టముల పాలైనది. 2002లో అందు 51 శాతము వాటా ప్రయివేటు సంస్థకు అప్పగించిరి. ప్రయివేటు మంత్రముతో చెరకు తీపి పెరుగునని చెప్పిరి. 2015 డిసెంబరులో ప్రయివేటు యాజమాన్యమే దానికి తాళము వేసినది. ప్రభుత్వము నడపలేనిదానిని వర్తకుడు నడుపునని చెప్పువారు బోధను వెళ్ళి ఆ తుప్పు పట్టిన గొట్టములను చూడవలెను. వర్తకుడు నడపలేనిదానిని ప్రభుత్వము నడుపునని చెప్పువారు కూడ వారి ప్రక్కనే నిలువబడి చూడవచ్చును.

లాభము లేనిదే నూతన ఆవిష్కరణ లేదను వాదమునకు జవాబు మన పూర్వపు నల్లగొండ జిల్లాలోనే కలదు. పోచంపల్లి చీర నేయుటకు ముందు నూలును మేకులపై అటునిటు త్రిప్పి ఆసు పోయవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మార్లు చేయి ఆడింపవలసియుండును. ఆ పని ఇంటి ఆడవారిది. తల్లి లక్ష్మి భుజము నొప్పి చూడజాలక, ఆరేడు తరగతులతో చదువు మానిన ఆలేరు యువకుడు చింతకింది మల్లేశం ఏండ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రమును సాధించి దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. అతనిని ప్రేరేపించినది లాభము కాదు, పంచవర్ష ప్రణాళిక కూడ కాదు. గద్వాల, కొత్తకోట మగ్గములవారి ఇండ్లలో పుట్టిన మన విద్యార్థులు ఈ కథ చదివి గర్వింపవలెను. చదివి ఊరకుండరాదు కూడ.

ఎందుకన, మగ్గము నేటికిని సావుకారు చేతిలోనే యున్నది. నూలు అతడిచ్చును, పట్టు అతడిచ్చును, చీర అతడే కొనును, మజూరి అతడే కట్టును. దీనికి విరుగుడుగా చేనేత సహకార సంఘములు వెలసినవి. సహకారము నాకు ఇష్టమైన మార్గము. అందుచేతనే దాని దోషములను గట్టిగా చెప్పవలసియున్నది. లేని మగ్గములకు సంఖ్యలు వేసి, నేయనివారిని సభ్యులుగా వ్రాసి, సబ్సిడీలు మ్రింగిన సంఘములు మన రాష్ట్రమున ఎన్నో వెలుగులోనికి వచ్చినవి. 1985లో కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించుచు కేంద్రము చట్టము చేసినను, పోచంపల్లి అచ్చులను మరలపై అచ్చువేసి చవుకగా అమ్ముట ఆగలేదు. సహకార సంఘములో నేతగాడు యజమాని యని బోర్డుపై వ్రాయుదురు. ఆ యజమాని సంఘపు లెక్కల పుస్తకమును ఏడాదికొకసారియైనను తెరచి చూచెనా? చూచిన చోట సంఘము నిలిచినది. చూడని చోట అధ్యక్షుని ఇల్లు రెండంతస్తులైనది.

ఆర్టీసీ సంగతి మన కళాశాలకు మరింత దగ్గర. 2019లో కార్మికులు యాబది రెండు దినములు సమ్మె చేసినప్పుడు, వేలాది దారులను ప్రయివేటు బస్సుల కప్పగింతుమని ప్రభుత్వమే ప్రకటించినది. 2023 డిసెంబరు 9 నుండి అదే ఆర్టీసీ స్త్రీలకు ఉచిత ప్రయాణమును కల్పించుచున్నది. బస్సు చార్జీ భారమై ఇంటర్‌తో ఆగిపోవలసిన ఆడపిల్లలకు డిగ్రీ తరగతి దారి దగ్గరైనది. జాతీయ రహదారి ప్రక్క ఊరికి ప్రయివేటు బస్సు కూడ వచ్చును. కాని లోపలి తండాకు, నలుగురెక్కు ఊరికి లాభము చూచుకొను బస్సు రాదు. దీనినిబట్టి నా అభిప్రాయము స్పష్టమే: చదువు, వైద్యము, నీరు, బస్సు అంగడికి వదలదగినవి కావు. సబ్బు, చెప్పు, గడియారము ప్రభుత్వము చేయనక్కరలేదు. మన అల్విన్ గడియారము ఎంత బాగుగా నడచినను, గడియారము చేయుట ప్రభుత్వపు పని యని నేను వాదింపను.

ఒక విద్యార్థి తరగతిలో ఇట్లడిగెను: "సోవియట్ దేశము 1991లోనే చెదిరిపోయినది. చైనా 1978 నుండి అంగడి దారి పట్టినది. ఇంకను ఈ చర్చ ఎందుకు సార్?" మంచి ప్రశ్న. మాస్కోలో తెలుగులో అచ్చై కారుచవుకగా మనకు చేరిన పుస్తకములును, మన ముందు తరమువారు పాఠ్యపుస్తకములకు అట్టలు వేసికొన్న 'సోవియట్ భూమి' నున్నని కాగితములును ఆ దేశముతోనే పోయినవి. కాని 1976లో మన రాజ్యాంగ పీఠికలో చేర్చిన సామ్యవాద పదము ఇంకను అచటనే యున్నది. మేస్త్రీ పుస్తకము కూడ ఇచటనే యున్నది. రాజ్యాంగమును మనము కంఠస్థము చేయించుచున్నాము. మేస్త్రీ పుస్తకమును చదువుట ఎవ్వరును నేర్పుటలేదు.

కనుక మా అర్థశాస్త్ర, తెలుగు, ఉర్దూ శాఖల తరఫున కమిటీవారి ముందు రెండు విన్నపములు. మొదటిది: దసరా సెలవులలో ప్రతి విద్యార్థి తన ఊరినుండి ఆ సంవత్సరము వలస వెళ్ళిన కుటుంబములనుగూర్చి వ్రాసికొని రావలెను. ఎచ్చటికి వెళ్ళిరి, అడ్వాన్సు ఎంత, వడ్డీ యెంత, దినకూలి యెంతకు ఒప్పుకొనిరి, తిరిగివచ్చినప్పుడు చేతికి వచ్చినదెంత. పేర్లు వ్రాయనక్కరలేదు. ఆ పుస్తకము మన గ్రంథాలయములో నుండవలెను. వచ్చే వక్తృత్వ పోటీలో మాటలాడువారు దానిని చదివి రావలెను.

రెండవది: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద వేర్వేరు కుటుంబములకు చెందిన పదిమంది చేరి, ప్రభుత్వపు వాటా లేకుండ, ప్రభుత్వపు జోక్యము లేకుండ సంఘము పెట్టుకొనవచ్చును. అధ్యాపకులు, ఉద్యోగులు, పదునెనిమిది నిండిన విద్యార్థులు చేరి పుస్తకములు, నోటుబుక్కులు అమ్ము ఒక చిన్న దుకాణమును పెట్టవలెనని కోరుచున్నాము. వరండా చివర మూతబడియున్న గదిని కమిటీవారు ఇప్పించిన చాలును. అప్పు పెట్టరాదు. ఆవరణ ఊడ్చు అమ్మకును, రాత్రి కాపలాదారునకును సభ్యత్వ మివ్వవలెను, వారి ఓటు ప్రిన్సిపాలుగారి ఓటుతో సమానముగా నుండవలెను. నెలనెల జమాఖర్చులు ఆఫీసు బీరువాలో పెట్టక, తెలుగులోను ఉర్దూలోను పెద్ద అక్షరములతో వ్రాసి, గేటు ప్రక్కనున్న నోటీసు బోర్డుపై అంటింపవలెను.